ఎదురింటి కిటికీలో పైన్ కాయ

"ఏమిటా చూపు? మీకు వేరే పనేం లేదా?"

మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్న లాండ్రీ ఆవిడ అరుపుకి వీధి వీధంతా తలెత్తింది.

ఎదురింటి పైగది కిటికీలో కూర్చున్న పెద్దాయన తడబడ్డాడు.

"నన్నేనా అమ్మా?"

"ఇంకెవర్ని? పొద్దస్తమానం ఇటే గుడ్లప్పగించి కూర్చుంటే నేనెలా పని చేసుకోను?"

పెద్దాయన మెల్లగా కిటికీ మూసేశాడు.

ఆయన ఈమధ్యే ఆ గదిలో దిగాడు. కిందికి రాగా చూసినవాళ్లు లేరు. రెండిళ్ల మధ్య మేడల్ని మించిన పైన్ చెట్టొకటి ఉంది. దాని సూదుల్లాంటి ఆకులు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి, ఏడాది పొడుగునా దుప్పట్ల మీద రాలుతూనే ఉంటాయి. బంక అంటిందంటే ఓ పట్టాన వదలదు. ఆ చెట్టునీ, ఆ పెద్దాయన్నీ ఆవిడ కలిపే తిట్టేది.

నిజానికి ఆయన మంచివాడే. ఆకాశంలో మబ్బు లేకపోయినా "అమ్మాయ్, బట్టలు తీసెయ్, వానొస్తుంది" అని కేకేసేవాడు. కాసేపటికి వచ్చేది కూడా.

"మీకెలా తెలుస్తుంది?" అని ఒకసారి అడిగితే, "చెట్టు చెప్పింది" అని నవ్వేశాడు.

"పెద్దాయన్ని అలా కడిగేశావేమే?" ఆవిడ మేడ దిగి రాగానే అన్నాడు ఇస్త్రీ చేస్తున్న భర్త. "నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు."

"మీకేం, మగమహారాజులు!"

మర్నాడు ఎండ ఫెళ్లున కాసింది. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆరేసి ఆవిడ కిందికి దిగింది. సాయంత్రానికి అందించాలి. ఇంకోసారి ఆలస్యమైతే పని వేరేవాళ్లకిస్తామని ముందే చెప్పారు.

కేక వినబడలేదు. వాన మాత్రం వచ్చింది.

దుప్పట్లు ముద్దయ్యాయి. ఆసుపత్రి పని చేజారింది.

"ఆయన చూస్తూ కూర్చోబట్టే కదే, ఇన్నాళ్లూ మన బట్టలు తడవలేదు," అన్నాడు భర్త.

ఆవిడకి తన నోటి మీద తనకే అసహ్యమేసింది. క్షమించమని అడగడానికి గబగబా ఎదురింటి మెట్లెక్కింది.

గదిలో ఆయన మేనకోడలు ఊడుస్తోంది.

"మావయ్యని పొద్దున్నే మా అన్నయ్య వాళ్లింటికి పంపేశామండీ. 'నావల్ల ఆ అమ్మాయికి ఇబ్బందిగా ఉంది, వెళ్లిపోతా' అని ఒకటే గొడవ. మీ దుప్పట్లు గాలికి టపటపలాడుతుంటే వినడం ఆయనకెంతో ఇష్టం."

కిటికీలోంచి ఒక పైన్ కాయ తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది మీకిమ్మన్నారు. గాల్లో తడి చేరితే రేకులు ముడుచుకుంటాయట. ఆరేసిన రోజున అప్పుడప్పుడూ వేళ్లతో తడిమి చూసుకోమన్నారు."

ఆవిడ దాన్ని చీరచెంగుతో తుడిచి గుండెలకి హత్తుకుంది.

"తడమడమెందుకమ్మా, కంటికి కనిపిస్తుంటేను?"

"ఆయన అలవాటండీ, మావయ్యకి పుట్టినప్పట్నుంచీ చూపు లేదుగా."