వియ్యాలవారి గల్ఫ్ యుద్ధం

“గా చాప మీద ఆయనుంటే నేను కూసోను,” అన్నాడు దొడ్డప్ప, గోడ వైపు తిరిగి.

“నేనసలు కూర్చుంటే కదా?” అన్నాడు యలమందయ్య, వీధి వైపు తిరిగి.

పరిచిన చాప ఖాళీగా ఉంది. వడ్డించిన అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది.

హేమకు ఏడుపొక్కటే తక్కువ.

దొడ్డప్ప ఆమె తాత. రాయచూరు స్టేషన్ దగ్గరి ఈ ఇల్లు ఆయనదే. యలమందయ్య ఆమె భర్త తేజకు తాత. కోస్తా నుంచి వచ్చి పోతనాళ దగ్గర కాలువ కింద వరి పండిస్తున్నాడు.

పెళ్ళయి నెలయింది. శక్తినగర్ కరెంటు ప్లాంటులో పనిచేసే తేజకు నిన్ననే క్వార్టర్ తాళం చేతికొచ్చింది. హేమ అప్పటికే కిటికీలకు నీలం పరదాలు కుట్టేసుకుంది. తాళంచెవిని రాత్రంతా దిండు కిందే పెట్టుకుంది.

అయితే దొడ్డప్ప ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త జంట వేరు కాపురం పెట్టేముందు రెండు వైపుల పెద్దలూ ఒకే చాప మీద కూర్చుని పెళ్ళికూతురు వండిన అన్నం తినాలి.

రేపటి నుంచి మూఢం. ఇవాళ తినకపోతే రెండు నెలలు తేజ ప్లాంటు హాస్టల్లో, ఆమె ఇక్కడ, పరదాలు పెట్టెలో.

ఇదంతా రేడియో తెచ్చిన తంటా. అది 1991 ఫిబ్రవరి. గల్ఫ్‌లో యుద్ధం జరుగుతోంది. అమెరికా విమానాలకు బొంబాయిలో పెట్రోలు పోయనిచ్చారన్న మాట రాగానే తాతలిద్దరూ రెండు దేశాలైపోయారు.

“ఆయనకు చెప్పు బిడ్డా, పరాయోని విమానాలకు పెట్రోలు పోసుడంటే ఇజ్జత్ అమ్ముకునుడే అని,” అన్నాడు దొడ్డప్ప.

హేమ బి.ఏ. రాజనీతిశాస్త్రం చదివింది. ఒక్క ముక్క పోనివ్వకుండా మోసింది.

“తాతయ్యా, ఇజ్జత్ అమ్ముకోవడమేనట.”

“ఖజానా ఖాళీగా పెట్టుకుని మీసం మెలేయమంటాడా మీ తాత? బుర్ర ఉందా అని అడుగు.”

“తాతా, దిమాగ్ ఉందా అంటున్నరు.”

తేజ తల పట్టుకున్నాడు. “అచ్చంగా అలాగే చెప్పాలా నువ్వు?”

అప్పుడే గడప దగ్గర ఎవరో దగ్గారు.

“రేడియో వినబడి ఆగానమ్మా. నా రైలు ఆలస్యం. కాసేపు వార్తలు వినొచ్చా?”

నెరిసిన జుట్టు, వదులు కోటు, చేతిలో సంచి. హేమ ముక్కాలిపీట వేసింది.

“ఇజ్జత్ ముచ్చట గీయనకేం ఎరుక!” దొడ్డప్ప అరిచాడు.

హేమ నోరు తెరిచేలోపే ఆ మనిషి యలమందయ్య వైపు వంగాడు.

“మన దేశం ఎవరిముందూ చిన్నబోకూడదని వారి బాధండీ.”

యలమందయ్యకు చెవులు బాగానే పనిచేస్తాయి. అరుపు విన్నాడు, ఈ మాటా విన్నాడు. జవాబు మాత్రం ఈ మాటకే ఇచ్చాడు.

“ఆ బాధ నాకు మాత్రం లేదా? కానీ పై చేనోడు గట్టు తెంచి కింది చేను కలిపేసుకుంటే చూస్తా ఊరుకుంటామా? ఇరాక్ కువైట్‌ని చేసిందదే. ఈయనలాంటోళ్ళు వాడికే దండం పెడతారు!”

ఆ మనిషి దొడ్డప్ప వైపు తిరిగాడు.

“చిన్నవాడి గట్టు నిలవాలంటున్నారు. మీరూ అదే కోరతారని వారి నమ్మకం.”

హేమ కళ్ళు విప్పార్చుకుని చూసింది. ఆయన అలా ఎప్పుడన్నాడు?

“గట్టు వద్దని నేనంటినా?” దొడ్డప్ప గొంతు తగ్గింది. “గట్టు పేరు చెప్పి ఊరంత కాలవెడితే ఎట్ల అంటున్న.”

“గట్టు దగ్గర మీ ఇద్దరికీ పేచీ లేదండీ. మంట దగ్గరే వారి భయం.”

“మంటంటే మాకు మాత్రం ముద్దా?” యలమందయ్య వీధి నుంచి ముఖం తిప్పాడు. “ఆ మాటేదో ముందే అనొచ్చుగా బావగారూ!”

“అననిస్తివా నువ్వు?” దొడ్డప్ప గోడను వదిలాడు. “రా బావా, కూసో. అన్నం సల్లగైతుంది.”

ఇద్దరూ చాప మీద కూర్చుని ముద్ద కలిపారు.

హేమకు గెంతాలనిపించింది. తేజ జేబులో తాళంచెవి గలగలలాడించాడు.

ఆ మనిషికి కూడా ఆకు వేసి గోంగూర పప్పు వడ్డించింది హేమ.

“అన్నీ అబద్ధాలే చెప్పిన్రు కదా సార్?” గుసగుసగా అడిగింది.

“ఒక్కటీ చెప్పలేదమ్మా. వాళ్ళు అనబోయి మరిచిపోయినవి చెప్పాను.”

“మరి ఈ యుద్ధం గురించి మీరేమంటరు?”

ముద్ద చేతిలోనే ఆగింది. ఆయన ముఖం మీదికి సిగ్గులాంటి నవ్వొకటి వచ్చింది.

“నేనా? ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. చెబుతానమ్మా. అసలు ముందుగా...”

స్టేషన్ వైపు నుంచి కూత వినిపించింది. ఆయన గబగబా చేయి కడుక్కుని సంచి అందుకున్నాడు.

“పేరన్నా చెప్పండి సార్!”

ఆయన అప్పటికే మలుపు తిరిగాడు.

“పెళ్ళిళ్ళ పేరయ్య అయి ఉంటడు,” అన్నాడు దొడ్డప్ప.

“ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆ నోరు చూస్తే తెలీలా?” అన్నాడు యలమందయ్య.

ఆ ఒక్క విషయంలో మళ్ళీ పేచీ పడ్డారు గానీ, చాప మీద నుంచి మాత్రం లేవలేదు.

ఆయన ఏం చెప్పబోయాడో హేమకు ఎంత ఊహించినా అందలేదు. శక్తినగర్ వెళ్ళాక కూడా, రేడియోలో వార్తలు వచ్చినప్పుడల్లా, అడ్రసైనా అడగకపోతినే అనుకునేది.

వానలు మొదలైన వారంలో తేజ తెచ్చిన పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీ మూలన ఆ ముఖమే కనిపించింది; నిన్న ఢిల్లీలో కన్నుమూసిన ఆయన, ముప్పై ఏళ్ళు మన ప్రధానులకూ పరదేశాల అధినేతలకూ మధ్య కూర్చుని అటు మాట ఇటు చేర్చి, తన అభిప్రాయమన్నది ఒక్కటీ ఎక్కడా మిగల్చకుండా వెళ్ళిపోయిన దుబాసీ.