పంతొమ్మిది తప్పులు

మార్చి 4, మంగళవారం.

మేట్రన్ గారికి,

నా మనవరాలు మీ ఆసుపత్రిలో నర్సు. మీరు నర్సులకు ఫోనులో పెట్టిన శిక్షణ ఆటలో నూటికి నూరు వచ్చాయని వచ్చే సోమవారం నుంచి దానికి అత్యవసర వార్డు అప్పగిస్తారట. అందుకే ఈ కార్డు.

ఆ ఆట ఆడింది నేను.

పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోను నా ఒళ్లో పెట్టింది.

"అమ్మమ్మా, రేపటితో గడువైపోతుంది. ఊపిరాడని రోగిని బతికించాలి, అంతే. నువ్వు ఆడిపెట్టు, నీకెలాగూ పొద్దుపోదుగా."

"పొద్దుపోకపోతే, వైద్యం రాని నన్ను మనుషుల్ని చంపమంటావటే?"

"బొమ్మ మనుషులేలే. మళ్లీ లేచి కూర్చుంటారు" అంటూనే నిద్రపోయింది.

ముప్ఫయ్యొక్కసారి ఆడాను. ప్రతిసారీ ఏం జరిగిందో పుస్తకంలో రాసుకున్నాను. మొదటి పంతొమ్మిదిసార్లూ రోగి నా చేతిలో చనిపోయాడు. ఆ తర్వాతే చెయ్యి కుదిరింది.

ఇంతవరకూ రాసింది దానికి చదివి వినిపించాను. ఏడ్చింది కాని, పంపవద్దనలేదు.

ఇక జరగవలసినవి:

1. ఆ మార్కులు కొట్టివేయండి.
2. సోమవారం దాన్ని ఆ వార్డుకు పంపకండి.
3. డ్యూటీ వేళలోనే రెండు గంటలిచ్చి, ఆ ఆట దానిచేత ఆడించండి. నేను చేసిన పంతొమ్మిది తప్పులు అది ఇంకా చెయ్యనే లేదు. అవన్నీ లేచి కూర్చునే బొమ్మ మీదే చెయ్యనివ్వండి.