మూడు మీటర్ల దిగుడు

"చెల్లదంటే చెల్లదు," అంటూ కొలతలాయన, చక్రం తిరిగిన లెక్కతో దారి పొడవు కొలిచే తన సైకిలుకి స్టాండు వేశాడు.

మారథాన్ కమిటీ సెక్రటరీ కంగారుగా ఎదురొచ్చాడు. వాటర్ ట్యాంకు మిట్ట మీద, పరుగు మొదలయ్యే చోట, అప్పుడే వేదిక కూడా కట్టించేశాడు మరి.

"దూరం సరిపోయిందన్నారు కదండీ?"

"దూరం సరే, దిగుడు సంగతో? ప్రపంచ రికార్డుగా ఒప్పుకోవాలంటే దారి మొత్తం మీద నలభై రెండు మీటర్లకి మించి కిందికి దిగకూడదు. ఇది ఇంకో మూడు మీటర్లు దిగుతోంది. పందెం పెట్టుకోండి, పతకాలు పంచుకోండి. రికార్డు మాత్రం ఇవ్వరు."

"మూడు మీటర్లేగా! ఎవరు చూడొచ్చారండీ?"

"నేను చూశాగా."

సెక్రటరీ తల పట్టుకున్నాడు. ఆడవాళ్ల పాత రికార్డు ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంది. ఊరంతా ముద్దుగా పిచ్చుక అని పిలుచుకునే అమ్మాయి ఈసారి దాన్ని కొట్టి తీరుతుందని అందరి ఆశ.

కొలతలాయన భార్య స్కూటర్ దిగి హెల్మెట్ తీసింది. ఆయన రోడ్డు అంచు వెంట కొలుచుకుంటూ పోతుంటే వెనక నుంచి బళ్లు మీదికి రాకుండా చూడటం ఆవిడ పని.

"స్టార్టింగ్ కిందికి జరపండి. స్కూలు గేటు దగ్గర పెట్టండి. తగ్గిన దూరానికి స్టేడియం వెనక వీధి కలపండి, అది చదునుగానే ఉంటుంది," అంది.

సెక్రటరీ నోరు వెళ్లబెట్టాడు. "ఈ మాట మీరు చెబుతున్నారా అమ్మా!"

"ఏం, నేను చెప్పకూడదా?"

"అబ్బే, అలా అని కాదు..." అని నీళ్లు నమిలాడు.

కొలతలాయన భార్యని పక్కకి పిలిచాడు. "నీకెందుకే ఈ తలనొప్పి? చెల్లదని రాసిస్తే సరిపోతుంది. అందులో అబద్ధం కూడా లేదు."

"మళ్లీ కొలవాలంటే మీకు బద్ధకం."

"బద్ధకం కాదు. ఇంకోసారి ఆలోచించుకోమంటున్నా."

"ఆలోచించే చెప్పాను. ఆ పిల్ల ఒళ్లు హూనం చేసుకుని పరిగెత్తాక 'చెల్లదు' అంటే దాని మొహం చూడగలరా మీరు?"

ఆయన సైకిలు దగ్గరికి నడిచాడు. గాలి తగ్గితే కొలత తప్పుతుందని, పంపు తీసి టైరుకి గాలి కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త దారి కొలిచారు. అడ్డంగా ఆపిన పాల వ్యాను ఆవిడ గొంతు విని పరుగున పక్కకి తప్పుకుంది. స్కూటర్ దిగినప్పుడల్లా ఆవిడ మోకాలు పట్టుకుని మూలిగింది గానీ, పని ఆపనివ్వలేదు. ఈసారి దిగుడు లెక్కలోపే వచ్చింది. సెక్రటరీ సణుక్కుంటూనే వేదిక విప్పించాడు.

పందెం రోజున ఆవిడ చివరి మలుపులో గడియారం పట్టుకుని నిలబడి గొంతు చించుకుంది.

"మెడ బిగించకే! భుజాలు వదులు! ఇంకెంత, వచ్చేశావ్!"

జనమంతా పిచ్చుకని చూస్తుంటే కొలతలాయన మాత్రం భార్య మొహమే చూస్తూ నిలబడ్డాడు.

పిచ్చుక నాలుగు సెకన్ల తేడాతో రికార్డు బద్దలు కొట్టింది. అధికారులు కొలతలన్నీ చూసి చెల్లుతుందన్నారు. స్టేడియం ఈలలతో దద్దరిల్లింది. పిచ్చుక రొప్పుతూ వచ్చి ఆవిడని వాటేసుకుని ఏడ్చేసింది.

"పెద్దమ్మా, నామీద కోపం లేదు కదా?"

"కోపమెందుకే పిచ్చిదానా! ముందు నీళ్లు తాగు," అంటూ ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

చెరిగిపోయిన ఆ పాత రికార్డు ఆవిడదే.