మూడో ఓటు

బర్నబాస్ ఆరు గోల్స్ కొట్టాడు. ఫణి ఒక్కటీ కొట్టలేదు, గోల్ ముందు నిలబడి వచ్చినవాటిని ఆపాడు. ఇద్దరిలో ఉత్తమ ఆటగాడి కప్పు ఎవరికి? బాపట్ల కాలేజీ ఆటల గదిలో ఆ సాయంత్రం ముగ్గురు కూర్చుని తేల్చాల్సింది అదే.

ముగ్గురూ పీడీలు, అంటే కాలేజీలో ఆటలు నేర్పే మాస్టర్లు. బాపట్ల గోపాలకృష్ణ, తెనాలి చంద్రశేఖరం, రేపల్లె పుష్పలత. ఈ మూడు ఊళ్ల ఫుట్‌బాల్ పోటీలకు ఒక కట్టుబాటు ఉంది. తమ కాలేజీ కుర్రాడికి ఎవరూ ఓటు వేయకూడదు, అతని తరఫున వాదించకూడదు. ఎవరు ఎవరికి వేశారో చివర్లో మైకులో చదివేస్తారు, తర్వాత గొణుక్కోవడాలు లేకుండా.

అంచేత పుష్పలత తన బర్నబాస్‌ను వదిలేసి తెనాలి ఫణిని పొగడాలి. చంద్రశేఖరం తన ఫణిని పక్కన పెట్టి రేపల్లె బర్నబాస్‌కు ఓటు వేయాలి. బాపట్ల జట్టు మొదటి రోజే ఇంటిదారి పట్టింది కాబట్టి, తేల్చేది ఇక గోపాలకృష్ణ ఓటే.

"మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి. మీ బదులు ప్రిన్సిపాల్ గారిని కూర్చోబెడదాం," అంది పుష్పలత.

"నాకేం ఇబ్బందండి? ఫణి మా కాలేజీ వాడు కాడుగా."

గోపాలకృష్ణ మంటంతా ఆ ముక్కలోనే ఉంది. ఫణి పుట్టింది బాపట్లలో. బంతిని మొదటిసారి తన్నింది ఈ గ్రౌండులో, ఇతని కళ్ల ముందే. ఇంటర్ కాగానే ఇక్కడే చేరతాడని ఒకటో నంబరు చొక్కా అట్టేపెట్టుకుని కూర్చున్నాడు గోపాలకృష్ణ. వాడేమో రోజూ పొద్దున్నే రైలెక్కి తెనాలి పోయి చదువుతానన్నాడు. ఎందుకురా అంటే, అక్కడ చంద్రశేఖరం సార్ ఉన్నారన్నాడు. మూడేళ్లయినా ఆ మాట గోపాలకృష్ణకు గొంతు దిగలేదు.

ఇవాళ మరీ అన్యాయం. ఫైనల్ ఆఖరి నిమిషంలో బర్నబాస్ కొట్టిన పెనాల్టీని ఫణి ఎడమవైపు దూకి ఆపాడు. తెనాలి గెలిచింది. వాడు లేచి తిన్నగా పరుగెత్తుకెళ్లి చంద్రశేఖరం కాళ్లకు దండం పెట్టాడు. నాలుగడుగుల అవతల గోపాలకృష్ణ మంచినీళ్ల సీసా పట్టుకుని నిలబడే ఉన్నాడు. కేబుల్ టీవీ వాళ్లు మైకు పెడితే, "నాకు ఆట నేర్పింది చంద్రశేఖరం సారే," అన్నాడు. చిన్నప్పుడు బంతి పట్టుకోవడం ఎవరు చూపించారో వాడికి గుర్తు లేదు కాబోలు.

"ఫణికే ఇవ్వాలండి," పుష్పలత మొదలుపెట్టింది. "మా బర్నబాస్ పెనాల్టీ ఇంతవరకూ ఎవరూ ఆపలేదు. పైగా పోటీ మొత్తంలో ఫణి ఒక్క గోలే వదిలాడు."

"బంతి వాడి మీదికే వచ్చిందమ్మా. అక్కడ గోడ ఉన్నా ఆగేది," అన్నాడు గోపాలకృష్ణ.

"అంత దూరం దూకాడుగా."

"ఎడమవైపు కాబట్టి దూకాడు. కుడివైపయితే వాడికి బద్ధకం, మొదట్నుంచీ అంతే. దానికి తోడు ముక్కు మీద కోపం. కప్పు ఇస్తే ఇక నేల మీద నడవడు."

పుష్పలత అతని వంక వింతగా చూసింది. "మీరిలా మాట్లాడతారని నేననుకోలేదండి," అంది.

చంద్రశేఖరం అంతసేపూ టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"మావాడి గురించి నేను మాట్లాడకూడదు. కట్టుబాటు ప్రకారం నా ఓటు బర్నబాస్‌కే," అన్నాడు మెల్లగా. "కానీ గోపాలకృష్ణ గారూ, ఈ కప్పు వచ్చినోడికి సెలక్షన్లతో పని లేకుండా రాష్ట్ర క్యాంపులో చోటు దొరుకుద్ది. మావాడికిది ఆఖరు సంవత్సరం. మీరే ఒకసారి ఆలోచించండి."

మావాడు, మావాడు. రెండుసార్లన్నాడు. గోపాలకృష్ణ పెన్ను మూత తీశాడు. కప్పు ఫణికి వస్తే వాడు దాన్ని తీసుకెళ్లి ఎవరి చేతుల్లో పెడతాడో తెలుసు. ఫొటోలో వాడి భుజం మీద ఎవరి చెయ్యి ఉంటుందో తెలుసు. ఆ ఫొటో తెనాలి కాలేజీ గోడకెక్కుతుంది, వెళ్లినప్పుడల్లా చూసి నవ్వాలి. ఇది వట్టి కుళ్లేనని కూడా అతనికి తెలుసు. తెలిస్తే మాత్రం చల్లారుతుందా.

"గోల్స్ కొట్టినవాడే ఆటగాడు," అని కాగితం మీద బర్నబాస్ పేరు రాసి సంతకం గీకాడు. చంద్రశేఖరం మొహం పాలిపోయింది. అప్పుడు గానీ గోపాలకృష్ణకు టీ రుచి తెలియలేదు.

కాసేపటికి గ్రౌండులో మైకు మోగింది. బర్నబాస్ పేరు చదివారు, వెంటనే ఓట్లూ చదివారు. ఫణికి పుష్పలత. బర్నబాస్‌కు చంద్రశేఖరం, గోపాలకృష్ణ. తన పేరు నలుగురిలో చంద్రశేఖరం చెవిన పడాలని ఎదురుచూశాడు గోపాలకృష్ణ. అదే పేరు ఫణి చెవినా పడుతుందన్న సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. గుంపులోంచి వాడు ఒక్కసారి ఇటు చూశాడు. తర్వాత అందరితోపాటు చప్పట్లు కొట్టి, వెళ్లి బర్నబాస్‌ను కౌగలించుకున్నాడు.

గ్రౌండు ఖాళీ అయింది. తెనాలి జట్టు బస్సెక్కింది. కిటికీలోంచి చంద్రశేఖరం చెయ్యి ఊపితే గోపాలకృష్ణ చూడనట్టు స్కూటర్ తీశాడు. రెండుసార్లు తన్నినా అది కదల్లేదు, మూడోసారి అందుకుంది.

అంతలో వెనక సీటు మీద బరువు పడింది. తిరిగి చూడడానికి అతనికి మొహం చెల్లలేదు.

బూట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని సర్దుకు కూర్చున్న ఫణి, "ఓటు సంగతి అమ్మకి చెప్పొద్దులే నాన్నా, బాధపడుద్ది," అన్నాడు.