చప్పుడుకి వెలిగే లైట్లు

చైనాలోని హార్బిన్‌కి చదువుకోడానికొచ్చిన మూడో రోజే ఇల్జేకి పక్కింటి పాంగ్ పిన్ని చివాట్లు పెట్టింది. "దొంగలా ఎక్కుతావేంటే పిల్లా? కాలు నేలకేసి కొట్టు. చప్పుడు వింటేనే మెట్ల లైట్లు వెలిగేది. పైన షెన్ తాత ఉన్నన్నాళ్లూ అందరికీ ఆయనే వెలిగించేవాడు. పోయాక పైనంతా ఖాళీ."

అయినా ఆ పరాయిదేశపు పిల్లకి మొహమాటం. ఆ రాత్రి చీకట్లోనే తలుపు తడుముకుంటూ నిలబడింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

పై అంతస్తులో లైటు వెలిగింది. చప్పుడేమీ లేదు. తర్వాత మలుపులోది వెలిగింది. చివరికి ఆమె నెత్తిమీదిదీ వెలిగింది. పక్కన ఎవరూ లేరు. తాళం కన్నం మాత్రం స్పష్టంగా కనిపించింది.

తలుపు తీసి, వచ్చీరాని చైనీస్‌లో థాంక్స్ చెప్పింది.

లైట్లన్నీ ఆరిపోయాయి. చీకట్లో చెప్పుల చప్పుడు నింపాదిగా మెట్లెక్కి పైకి పోయింది. ఈసారి ఒక్క లైటూ వెలగలేదు.