చూద్దాం

"ఆగండి సార్" అంది డైరెక్టర్ జాయ్స్. "ఈ కథ నాకు తెలుసు."

కథ చెబుతున్న వీరరాఘవయ్య గొంతు ఇంటర్వెల్ దగ్గరే ఆగిపోయింది. గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపే సరంగుకి చూపు పోయింది. ఆ సంగతి దాచి పంటు నడుపుతున్నాడు. రేవులో జనమంతా ఎక్కేశారు. సరిగ్గా అక్కడ.

ముప్పై ఒక్కేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో ఆయన కథ ఆగని చోటు లేదు. అయినా ఇలా ఎవరూ ఆపలేదు. ఇక్కడ 'కాదు' అని ఎవరూ అనరు, 'చూద్దాం' అంటారు. ఒక నిర్మాత కారెక్కుతూ చూద్దామన్నాడు. ఇంకొకాయన ఆ ఒక్క మాటా డ్రైవర్‌తో చెప్పించాడు. మరొకాయన మొదటి పాటలోపే నిద్రపోయి, లేచి, "ఇంటర్వెల్ అదిరిందండీ, చూద్దాం" అన్నాడు.

ఇవాళ కూడా 'చూద్దాం' అంటే కథల సంచీ ఎర్రగడ్డలో పాత పేపర్ల కొట్లో వేసేస్తానని భార్య శారదాదేవికి మాటిచ్చి మరీ వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పేరు కూడా అడగలేదు. "రైటరే గదా? గట్లనే రాస్తున్న తియ్, పో" అని రిజిస్టర్‌లో గీకేశాడు. ఇన్నేళ్ల రిజిస్టర్లన్నిట్లోనూ ఆయన పేరు అదే.

"తెలియడానికి వీల్లేదమ్మా" అన్నాడు వీరరాఘవయ్య కంగారుగా. "ఇది ఎక్కడా అచ్చు కాలేదు."

"క్లైమాక్స్ చెప్పనా?"

"చెప్పలేవు. క్లైమాక్స్ దాకా విన్న నిర్మాత ఒక్కడూ లేడు."

"సరంగుకి కళ్లు కనపడవని రేవులో అందరికీ ముందే తెలుసు. తెలిసే ఎక్కుతారు. ఏ వైపు తిప్పాలో పాటలో కలిపి పాడతారు. అంతేనా సార్?"

తన కథ ఇంకొకరి నోట వినడం వీరరాఘవయ్యకి ఇదే మొదలు. ఇంత బావుంటుందా నా కథ అనుకున్నాడు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మా అమ్మ, కరుణాకుమారి. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసులో ఊడ్చి తడిగుడ్డ పెట్టేది."

గుర్తొచ్చింది. లోపలికి పిలిచేదాకా బెంచీ మీద కూర్చుని, గొంతు సవరించుకోవడానికి ఆవిడకే కథ చెప్పేవాడు. ఆవిడ తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయి, "తర్వాతేమైంది సార్?" అనేది. ఆయన్ని ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కతే.

"మీరు చెప్పినవన్నీ అన్నం పెడుతూ నాకు చెప్పేది సార్. ఆ కథలు వినే నేనీ పనిలోకి వచ్చాను."

ఎవరికీ పట్టని కథలు ఇన్నేళ్లూ ఒక ఇంట్లో అన్నంతోపాటు తిన్నారట! కళ్లు తుడుచుకుని మెల్లగా అడిగాడు. "మరి దీన్ని సినిమా తీస్తావా అమ్మా?"

జాయ్స్ లేచి నిలబడింది.

"చూద్దాం సార్."

వీరరాఘవయ్యకి నవ్వొచ్చింది. రావాల్సిన మాట రానే వచ్చింది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం వైపు తిరిగాడు.

"అటెక్కడికి సార్? ఇటు" అంటూ ఆమె పక్క గది తలుపు తీసింది. లోపల ఓ చిన్న తెర, ముందు వరుసలో కరుణాకుమారి. "తీసేశాం సార్. చూద్దాం రండి. మూడేళ్లు వెతికించాను మీకోసం. ఎవర్నడిగినా 'ఎవరో రైటరండీ' అన్నవాళ్లే. ఇవాళ అమ్మకి వేసి చూపిద్దామనుకుంటే మీరే వచ్చారు."

కరుణాకుమారి లేచి చేతులు జోడించింది. లైట్లు ఆరాయి. తెర మీద 'కథ' అని పడింది. దాని పక్కన ఏమీ లేదు.

ఆ చీకట్లో జాయ్స్ గొంతు వినపడింది.

"సార్, మీ పేరేంటి?"