రబ్బరు చెప్పులో బ్లేడు

"ఈ ముక్క నడిమధ్యన కోసుకుపోయుండాది సూడే," అంటూ పంకజాక్షవ్వ బొంత ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చీలికలోంచి ఆమె వేలు బయటికి వచ్చింది.

జయంతి తల వంచుకుంది. అక్క బిడ్డకని అవ్వ ఆ బొంత కుడుతోంది. మిషను మీద దారం తెంపకుండా వరసగా కుట్టుకుపోతే గుడ్డముక్కలు తోరణంలా వేలాడతాయి. వాటిని కత్తెరతో ఒక్కొక్కటిగా విడదీయాలి. పొద్దున జయంతి పాత రబ్బరు చెప్పుకు సగం బ్లేడు గుచ్చి, తోరణాన్ని దాని మీద సర్రున లాగేసింది. దారంతోపాటు గుడ్డా తెగింది. ఆ ముక్కను అడుగున దాచేసింది.

"పొద్దున్నే అడుగున కనబడింది నాకు. నేనూ అప్పుడు కొన్ని కత్తిరించినాను కదా. నేనే కోసుంటాను," అంది అవ్వ. "కండ్లు పోయినాయి. ఇంక కుట్టలేను. ఆ మిషనుకు మూత పెట్టెయ్ అమ్మణ్ణీ."

జయంతి మూత పెట్టింది. చెయ్యి మాత్రం దాని మీదనుంచి రాలేదు.

"అవ్వా, కోసింది నేను. బిర్నా అయిపోతాదని చెప్పుకు బ్లేడు గుచ్చి లాగినాను."

అవ్వ చెయ్యెత్తింది. జయంతి కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి వచ్చి ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"అట్లయితే నా కండ్లు బాగుండాయా?"

"బాగుండాయవ్వా."

"దొంగదానా! ముందే చెప్పుంటే పొద్దుటాల్నుంచి నేను ఏడ్చేదాన్ని కాదు కదే!"

అవ్వ ఏడ్చిందన్న సంగతి జయంతికి అప్పుడే తెలిసింది. దెబ్బ పడి ఉంటేనే బాగుండేదనిపించింది.

"సూది ఇట్లా తే. దీనికి మాసిక వేస్తాను," అంటూ అవ్వ నవ్వుతూ దారం కొస తడి చేసుకుంది.

దారం రెండుసార్లు సూది పక్కకు పోయింది. జయంతి చూడనట్టు అటు తిరిగి, మిషను మూత తీసింది.